నక్క తెరిచిన పిల్లల పాక

కొండ కింద పిల్లల పాక ఒకటుంది. తల్లులు మేతకు పోతూ పిల్లల్ని అందులో దింపి పోతారు. మేత ఉన్నది వాగు అవతల. వాగులో నీళ్లు మేక పొట్ట దాకా వస్తాయి, మొన్న పుట్టిన పిల్ల అందులో నిలవలేదు. అందుకని పాక తప్పదు. పాక లేకపోతే తల్లికి మేత లేదు, మేత లేకపోతే పొదుగులో పాలు లేవు, పాలు లేకపోతే పిల్లే లేదు. ఈ సంగతి అక్కడి మేకలకూ గొర్రెలకూ ఆవులకూ తెలుసు. నక్కకు ఇంకా బాగా తెలుసు.

పాక నడిపేది నక్కే. పేరు వినయమూర్తి. మాంసం మానేశాననీ, పాలూ మేడిపండ్లూ తప్ప ముట్టననీ కొండ మీద ఒట్టేసి ఆ పని సంపాదించుకున్నాడు. నక్క ఒట్టు నీటి మీద రాత అని కొందరన్నారు. అన్నవాళ్లకు పిల్లలు లేరు కాబట్టి ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఎండాకాలంలో గాలికుంటు వచ్చింది. నోట్లో పుండ్లు, గిట్టల సందుల్లో పుండ్లు, మూతి నుంచి తీగలు తీగలుగా చొంగ. ఒకరి చొంగ ఇంకొకరికి తగిలితే చాలు. పెద్దవాళ్లు కుంటుకుంటూ లేచారు. పిల్లలు లేవలేదు. పాకలో జబ్బుపడ్డ పిల్లల్ని వినయమూర్తి గుట్ట వెనకున్న వేరే పాకకు తీసుకుపోయేవాడు. అలా పోయినవాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు. తన పిల్ల శవాన్నయినా చూపించమని కర్రి అనే గొర్రె వాడి కాళ్ల మీద పడింది. అంటురోగంతో పోయిన బిడ్డను తల్లికి చూపించకూడదు, అది నియమం అంటూ వాడు కళ్లొత్తుకున్నాడు. కర్రి ఆ రోజు నుంచి నోరు విప్పలేదు. తర్వాత పాక మూతపడింది.

తొలకరి పడి వాగు అవతల పచ్చిక లేచింది. రోగం కూడా తగ్గుముఖం పట్టింది. ఇవతలి గట్టున మాత్రం తల్లులు ఎండుపరకలు నములుతూ పిల్లలకు కాపలా కూర్చున్నారు. బొల్లి అనే మేకకు ఒక్కతే కూతురు, చెంగి. అది పొద్దస్తమానం తల్లి పొదుగు కుమ్ముతూనే ఉండేది. నాలుగు చుక్కలు వస్తే ఆ పూటకు పండగ.

సరిగ్గా తల్లుల ఓర్పు అడుగంటాక వినయమూర్తి పాక తెరుస్తున్నానని చాటించాడు. అందరినీ తడిక ముందు నిలబెట్టి, మొద్దెక్కి, జాగ్రత్తలన్నీ ఏకరువు పెట్టాడు. లోపలికి వచ్చే ప్రతి గిట్టా సున్నపు నీళ్లలో మునిగే వస్తుందట. పొద్దున్నే ప్రతి పిల్ల నోరూ తెరిచి చూస్తారట. ఎవరి నీళ్ల తొట్టి వాళ్లదట, పడకలు ఎడం ఎడంగా వేశారట. చొంగ కారిన పిల్లను అప్పటికప్పుడు వేరే పాకకు పంపిస్తారట. వింటుంటే కడుపు నిండింది. తల్లులకు నిండింది అదొక్కటే.

ఒకసారి లోపల చూసి రావచ్చా అని బొల్లి అడిగింది.

"అదొక్కటే వద్దంటున్నాను చెల్లెమ్మా," అన్నాడు వినయమూర్తి, ముఖం పక్కకు తిప్పుకుని. "బయటి గిట్ట లోపల పడితే రోగం లోపల పడ్డట్టే. తల్లులు తడిక దాటకూడదు. నాకోసమా చెప్పు? నీ బిడ్డ కోసమే."

తడిక దగ్గర కాపలాకు శాంతయ్య అనే ముసలి ఎద్దును పెట్టారు. కాడి కింద మెడ కాయకాచిన జీవి, చెప్పిన మాట చెప్పినట్టు చేసే రకం. ఓపిక పట్టాలమ్మా, నిదానమే ప్రధానం అని ఆయన కూడా అందరికీ నచ్చచెప్పాడు. శాంతయ్యకు పిల్లలు లేరు, పొదుగు లేదు. ఓపిక గురించి చెప్పడానికి అదొక సౌకర్యం.

తల్లులు పిల్లల్ని దింపారు. ఏం చేస్తారు మరి? ఆకలి అనుమానాన్ని మింగేస్తుంది. తడిక ముందున్న సున్నపు గుంటలో పిల్లల కాళ్లు ముంచి శాంతయ్య ఒక్కొక్కరినీ లోపలికి పంపాడు. సున్నం తడిక ముందే ఉంది. ఆ వెనకేముందో ఎవరికీ తెలియదు.

వారం తిరిగేసరికి పచ్చిక మేసిన తల్లులకు పాలు దిగాయి. పిల్లలు నిగనిగలాడారు. వినయమూర్తి గొప్పవాడేనని తల్లులు వాగు దాటుతూ చెప్పుకున్నారు. బొల్లి కూడా అనుకుంది, ఒక సాయంత్రం చెంగి మూతి నాకేదాకా. మూతి ఉప్పగా ఉంది.

"ఏం నాకావే?"

"ఉప్పుబండ. పొద్దున్నే నక్క మామ అందరిచేతా నాకిస్తాడు."

"అందరూ ఒకే బండా?"

"ఒకటేగా ఉంది. నాకితే దాహమేస్తుంది. తొట్టిలో నీళ్లు తాగి పడుకుంటాం. అల్లరి చెయ్యం."

"నీ తొట్టి ఏది?"

"నాదేంటి, తొట్టే. అందరం అందులోనే."

"నోరు తెరిచి చూశారా?"

"నోరెందుకమ్మా చూడటం?" అంది చెంగి, వెళ్లి పొదుగు పట్టుకుంది.

పిల్లలు అల్లరి చెయ్యకుండా పడుకోవాలని పాకలో ముందునుంచీ ఉన్న అలవాటది. ఎండాకాలంలో పోయిన పిల్లలు నాకింది ఆ బండనే. వాళ్ల చొంగ ఇంకింది ఆ బండలోనే. మార్చలేదు, కనీసం కడగలేదు. వినయమూర్తి బద్ధకస్తుడనుకుని బొల్లి పళ్లు నూరింది. వాడు అంత మంచివాడు కాదని ఇంకా తెలియదు.

మర్నాడు పొద్దున్న తల్లులంతా చూస్తుండగా తడిక దగ్గర నిలదీసింది. బండ సంగతి, తొట్టి సంగతి, చూడని నోళ్ల సంగతి కడిగి పారేసింది. వినయమూర్తి నొచ్చుకున్నట్టు చెవులు వాల్చాడు. పసిపిల్లల కబుర్లు పట్టుకుని పెద్దవాళ్లు వీధికెక్కితే ఎలా అన్నాడు. రోగమంటూ వస్తే అది వాగు అవతల నుంచి తల్లుల గిట్టలకు అంటుకునే వస్తుందన్నాడు. ఇంత చేసినా మాట పడాల్సి వస్తే పాక మూసుకుని తన దారి తాను చూసుకుంటానన్నాడు.

తల్లుల గుండెలు జారాయి. వెనకనుంచి ఒక ఆవు బొల్లి చెవిలో, ఊరుకోవే, మళ్లీ మూసేస్తే మన గతేంటి అని గొణిగింది. అదిగో, ఆ భయమే వాడి పెట్టుబడి. తెరిస్తే నోరు మూసుకోవాలి, నోరు తెరిస్తే పాక మూస్తారు. తల్లి ముందు ఈ రెండే దారులున్నాయని ఎవరు చెప్పారు?

"మూయమని నేననలేదు," అంది బొల్లి. "చెప్పింది చెయ్యమంటున్నాను."

వినయమూర్తి చూపు అప్పుడు చెంగి మీద పడింది. కాసేపు కదల్లేదు.

"అయ్యయ్యో, ఈ పాప మూతి చూశారా," అన్నాడు మెల్లగా. "చొంగలా ఉందే. శాంతయ్యా, పక్కకు పెట్టు. వేరే పాకకు తీసుకుపోవాలి."

ఆ మాట పడిందో లేదో తల్లులు తమ పిల్లల్ని లాక్కుని ఎడంగా జరిగారు. నిన్నటిదాకా వాగులో భుజం భుజం ఆనించి నడిచినవాళ్లు బొల్లి చుట్టూ అంత మేర నేల ఖాళీ చేశారు. శాంతయ్య వచ్చి తల్లికీ పిల్లకీ మధ్య కొమ్ములు వాల్చి నిలబడ్డాడు. నియమం తల్లీ, ఓపిక పట్టు అన్నాడు.

కొమ్ముల అవతల చెంగి అమ్మా అమ్మా అంటోంది. గుట్ట వెనక్కి పోయిన పిల్ల తిరిగి రాదు. బొల్లికి కుమ్మాలనుంది, కానీ ఎద్దును కుమ్మి మేక గెలుస్తుందా? నోరొక్కటే మిగిలింది. పిల్లల దగ్గరకొచ్చినప్పుడల్లా ఈ నక్క ముఖం ఎందుకు పక్కకు తిప్పుకుంటాడు? నోళ్లు చూస్తానని చెప్పి ఒక్క నోరూ ఎందుకు చూడలేదు? బొల్లి గొంతు తగ్గించింది.

"సరే అన్నా. నియమమంటే నియమమే. చొంగ కారితే వేరే పాకకు పోవాల్సిందే. ఎవరైనా అంతేనా?"

"ఎవరైనా అంతే. తన పర భేదం నా దగ్గర లేదు."

"అయితే దాని నోరు తెరిచి అందరికీ చూపించు. పుండు కనబడితే నేనే పంపిస్తా. నేను ముట్టుకోకూడదుగా, నువ్వే తెరువు."

అవసరం లేదన్నాడు వినయమూర్తి. తన కళ్లకు తెలుస్తుందన్నాడు. శాంతయ్య మాత్రం నెమరు ఆపి ఆలోచించాడు. నోరు చూడాలని చెప్పింది మీరే కదా వినయమూర్తిగారూ, చూపిస్తే పోయేదేముంది అన్నాడు. పాపం ఆయనకు వెటకారం రాదు. ఉన్నమాటే అన్నాడు.

తల్లులంతా చూస్తున్నారు. తప్పించుకునే వీలు లేదు. వినయమూర్తి ఊపిరి బిగబట్టి వంగి, పంజాతో చెంగి దవడ పట్టుకున్నాడు. ఊపిరి ఎంతసేపని బిగబడతాడు? పాల వాసన. మూతి కిందే లేత మెడ, అందులో నరం టకటకా కొట్టుకుంటోంది. చెంగి నోరు తెరుచుకుంది. లోపలంతా గులాబీ రంగు, ఒక్క పుండు లేదు. వినయమూర్తి నోరు కూడా తెరుచుకుంది. అందులోంచి ఒక తీగ సాగింది, వెనకాలే ఇంకొకటి. రెండూ వెళ్లి చెంగి తెల్లటి నుదుటి మీద పడ్డాయి.

"ఇదెవరి చొంగ?" అంది బొల్లి.

వినయమూర్తి మూతి తుడుచుకున్నాడు. ఉక్కపోత అన్నాడు.

"చల్లటి పొద్దున్న ఉక్కేంటి అన్నా. చొంగ కారితే వేరే పాకకే. పద, మేమే దింపి వస్తాం. నిన్ను చూడటానికి ఎవర్నీ రానివ్వంలే."

తల్లుల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అది వాడికి తగిలింది. ఒళ్లు తెలిసినవాడైతే ఆ పాకకే పోయి పడుకునేవాడు. కానీ మేక ముందు ఓడటమా?

"పిచ్చిదానా, గాలికుంటు చీలిన గిట్టలవాళ్లకు వచ్చే రోగం," అన్నాడు. "నావి పంజాలు. నాకది రమ్మన్నా రాదు."

"రాదా?"

"రానే రాదు. ఎవర్నైనా అడుగు."

"వేరేవాళ్లనెందుకు, నువ్వే చెప్పావుగా. అందరూ విన్నారా? వాడిది రోగం కాదంట. మరి నా బిడ్డ మెడ మీద వంగితే నీ నోట్లో నీళ్లెందుకు ఊరాయిరా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు వినయమూర్తి. రోగమంటే తనే వేరే పాకకు పోవాలి. కాదంటే ఆకలని ఒప్పుకోవాలి. అంతవరకూ బద్ధకమనుకున్నదంతా అప్పుడు తల్లులకు అర్థమైంది. బండ ఎందుకు మార్చలేదో, తొట్టి ఒకటే ఎందుకుందో, తల్లులు తడిక దాటకూడదని అంత పట్టు ఎందుకో. పిల్లలకు జబ్బు చెయ్యాలి. చేస్తేనే గుట్ట వెనకున్న పాక నిండుతుంది. కంచే చేను మేసింది, మేతకు నియమమని పేరు పెట్టుకుంది.

గుంపులోంచి ఒక గొర్రె ముందుకొచ్చింది. ఎండాకాలం తర్వాత కర్రి గొంతు ఎవరూ వినలేదు. అది తుప్పుపట్టినట్టు బయటికొచ్చింది.

"నా పిల్లేది?"

అరవలేదు. అందుకే ఆ మాట శాంతయ్యకు సూటిగా తగిలింది. ఆయన తల్లీపిల్లల మధ్య నుంచి పక్కకు తప్పుకుని, నిదానంగానే, నక్క వైపు తిరిగాడు. తిరిగాక మాత్రం నిదానం లేదు. ఒక్క కుమ్ముకు వినయమూర్తి ముళ్లదడి అవతల పడ్డాడు. తొడ చీలి, తోక ముడుచుకుని, వెనక్కి చూడకుండా పారిపోయాడు.

తల్లులు గుట్ట వెనక్కి నడిచారు. ముందు కర్రి. ఆ పాకలో పడక లేదు, నీళ్ల తొట్టి లేదు, జబ్బు బిడ్డకు వేసే గుప్పెడు గడ్డి లేదు. ఉన్నవాటిని చూసి ఎవరూ ఏడవలేదు. వంగి, ఒక్కొక్కటే మూతితో ఏరి, మన్ను కప్పారు.

ఇక పాక మాటే వద్దని కొందరన్నారు. బొల్లి ఒప్పుకోలేదు. పాక లేకపోతే మళ్లీ ఎండిన పొదుగులే. పిల్లల్ని నక్క తినకపోతే ఆకలి తింటుంది. తెరుద్దాం, మన కళ్ల ముందు తెరుద్దాం అంది. ఉప్పుబండను లోతుగా పాతిపెట్టారు. ఎవరి ఉప్పుగల్లు వాళ్లకు, ఎవరి తొట్టి వాళ్లకు. రోజుకొక తల్లి వంతున మేత మాని పాకలో ఉంటుంది. ఆమె వాటా గడ్డి మిగతావాళ్లు మోసుకొస్తారు. పొద్దున్నే ఆమె ప్రతి నోరూ తెరిచి చూస్తుంది, తన బిడ్డదైనా సరే. ఒళ్లు వెచ్చబడ్డ పిల్ల ఇంట్లో తల్లి దగ్గరే ఉండాలి, ఆ తల్లికీ గడ్డి ఇంటికే వస్తుంది. గడ్డి కోసం జబ్బు దాచే అవసరం ఎవరికీ రాకూడదని ఆ ఏర్పాటు కర్రి పట్టుబట్టి పెట్టించింది.

శాంతయ్య తలవంచుకుని వచ్చాడు. ఓపిక పట్టమని తాను చెప్పిన ప్రతిసారీ ఒక తల్లి నోరు నొక్కానన్నాడు.

"నీ ఓపిక నీ కాడికి దాచుకో మామా," అంది బొల్లి. ఇంకా కోపంగానే ఉంది, ఎందుకు తగ్గాలి? "తడిక దగ్గర మాకు కావలసింది నీ కళ్లు. ఎవరు చెప్పినా సరే, నేను చెప్పినా సరే, చూసి నమ్ము."

వినయమూర్తి ఇప్పుడు నాలుగు కొండల అవతల కుంటుకుంటూ బురదలో ఎండ్రకాయలు పట్టుకుని బతుకుతున్నాడు. ఈ కాలం తల్లులకు పెద్దలంటే గౌరవం లేదని దారిన పోయే కాకులకు చెప్పుకుంటాడట.

బిడ్డ మేలు కోసమంటూ తల్లి కళ్లకే అడ్డం కట్టే జాగ్రత్త జాగ్రత్త కాదు, వేట.