తాటితోపులో పుల్లన్న గంట

వేసవి మిట్టమధ్యాహ్నం తాటిచెట్టు తన నీడను తనే మింగేస్తుంది. కాలవ అవతలి తోపులో ఆ వేళకి కాకి కూడా అరవదు. గాలి లేకపోయినా పైన ఎండుమట్టలు ఒకదానికొకటి రాసుకుంటూ, ఎవరో పళ్లు నూరుతున్నట్టు చప్పుడు చేస్తాయి. తోపు చివర పాడుబావి ఒకటుంది. తీగలల్లుకుని దాని నోరు కనిపించదు. పశువులు అటు పోవు. పోయేది ఒక్క మైలన్నే.

మైలన్న కాలవగట్టు ఆసామి దొడ్లోని ఎద్దు. కాడికి దాపట, అంటే ఎడమవైపు కట్టేవాడు. వలపట, అంటే కుడివైపు కట్టే ఎద్దు పుల్లన్న. తొమ్మిదేళ్లు ఒకే కాడి, ఒకే గడ్డివామి. మొన్న కోతల వేళ పుల్లన్న కడుపుబ్బి ఒక్క పూటలో పోయాడు. ఆసామి కళ్లు తుడుచుకుని, మెడలో గంట తీయడానికి చేతులు రాక, దానితోనే తోపు పక్కన పూడ్చిపెట్టాడు.

అసలు మైలన్న గుండెల్లో బండ అంతకుముందే పడింది. నిరుటి వానల్లో, ఏ కారణమూ లేకుండా. పచ్చిగడ్డి బూడిదలా తగిలేది. కంట్లో ఈగ వాలినా తోక లేచేది కాదు. ఆ రోజుల్లో పుల్లన్నే రెండు మెడల బరువూ ఒక్క మెడతో లాగాడు, ఎవరికీ తెలియనివ్వలేదు. అతను పోయాక బండ బయటపడింది.

అప్పుడొచ్చింది నక్క. కంచె అవతల ముందుకాళ్లు దగ్గర పెట్టుకుని, తల వంచుకుని పరామర్శించింది. నక్క వినయాలు ఊరికే పుట్టవని మైలన్నకి తెలుసు. కానీ నెల రోజులుగా పుల్లన్న పేరు ఎత్తినవాళ్లే లేరు. అందుకని విన్నాడు.

"చెప్పాలా వద్దా అని మూడు రోజులుగా నలుగుతున్నాను, అన్నా," అంది నక్క. "మీ పుల్లన్న మధ్యాహ్నం పూట తోపులో తిరుగుతున్నాడు. గంట విన్నాను."

"నాకు వినపడలేదే."

"ఉత్త చెవికి వినపడదు. పులిసిన కల్లు గీతగాడు రాతితొట్టిలో పారబోస్తాడు చూడు, అది తాగిన చెవికే వినపడుతుంది."

ఆ మధ్యాహ్నమే మైలన్న వెళ్లాడు. తొట్టిలో మూతి పెట్టాడు. ఒళ్లు తేలికపడింది, బండ నీళ్లలో బెండులా తేలింది. ఎక్కడో చెట్ల మధ్య గంట మోగింది. పుల్లన్న గంటే. భూమిలో పూడ్చిన గంట.

మర్నాడు పొద్దున బండ రెండింతలై దిగింది. అది తేలాలంటే మళ్లీ తొట్టి. మత్తు దిగాక మళ్లీ బండ. ఇలా నెల తిరిగింది. గంట రోజుకి పది అడుగులు లోపలికి జరుగుతూ వచ్చింది. మైలన్న తూలుతూ వెనకే నడిచేవాడు. ఒకసారి, మానేస్తాను అని నక్కతో అనబోయాడు.

"మానుకో అన్నా, నాదేం పోయింది?" అంది నక్క. "కాకపోతే మరిచిపోతావు. పుల్లన్నని తలచుకునేది లోకంలో నువ్వొక్కడివే. నువ్వూ మరిచిపోతే ఇంక వాడు ఉన్నట్టా, లేనట్టా?"

ఆ మాట ముల్లులా దిగబడి విరిగింది. ఆ రోజు మైలన్న ఇంకో నాలుగు గుక్కలు ఎక్కువ తాగాడు.

ఆసామి ఒకనాడు కాడి మెడమీద పెట్టి చూశాడు. మైలన్న మోకాళ్లమీద కూలబడ్డాడు. ఏరువాక పున్నమి నాటికి కాడి మోయకపోతే సంతకి తోలేయాల్సిందేనని ఆసామి గడ్డివామి దగ్గర పెళ్లాంతో అనడం కోడిపుంజు చెవిన పడింది. పనికిరాని ఎద్దు సంత నుంచి ఎక్కడికి పోతుందో దొడ్లో అందరికీ తెలుసు. ఆ చోటు పేరు ఎవరూ ఎత్తరు.

ముందు ఇటుకలు మోసే గాడిద పూనుకుంది. తాగుడే రోగం, అది మానితే అన్నీ పోతాయని దాని వాదం. దొడ్డి వాకిలికి అడ్డంగా పడుకుని రెండు రోజులు మైలన్నని కదలనివ్వలేదు. మూడోనాడు మైలన్న ఒళ్లంతా వణికి, నోట నురగ కక్కి, గోడలోంచి ఎవరో తనని పిలుస్తున్నారని కొమ్ములతో గోడ కుమ్మి పడిపోయాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. గాడిదే భయపడి పక్కకి తప్పుకుంది.

తర్వాత కోడిపుంజు. దిగులే రోగమని, దిగులు తీరితే తాగుడు దానంతటదే పోతుందని అది పట్టుబట్టింది. లేత గడ్డి ఏరి తెచ్చింది, వీపెక్కి కబుర్లు చెప్పింది. మైలన్న తలూపేవాడు. మధ్యాహ్నం కాగానే లేచి తోపుకి పోయేవాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు, వాడి నొప్పి మనకేం తెలుస్తుందిలే అని పుంజు కూడా నీరుగారిపోయింది. ఆ పైన తప్పు నీదంటే నీదని ఇద్దరూ పోట్లాడుకున్నారు.

దొడ్లో మూల పడి ఉండే ముసలి గేదె నల్లమ్మ ఇదంతా నెమరేస్తూ చూసింది. ఈ మధ్య దానికి మతిమరుపు. పొద్దున తాగిన కుడితి సాయంత్రానికి గుర్తుండదని అందరూ నవ్వుకునేవారు.

"దాపటెద్దుని విప్పేసి వలపటెద్దుని తోలితే బండి ఎటు పోతుంది?" అని అడిగింది.

"గిరగిరా తిరుగుతుంది," అంది గాడిద.

"మీరు వాణ్ణి తిప్పింది అదే. వాడి మెడమీద రెండున్నాయి. బరువుకి తాగుతాడు, తాగినందుకు బరువెక్కుతాడు. ఏది ముందని మీరు తగవులాడుకోండి. నేను రెండింటినీ ఒకే పూట కాడి దించుతాను. మీరిద్దరూ కూడా కావాలి."

పనులు పంచింది. బండ గుండెమీద సర్దుకోకముందే మైలన్నని లేపడం పుంజు పని. వద్దన్నా కాదన్నా గట్టు చివరిదాకా నడిపించి తీసుకురావడం గాడిద పని. మధ్యాహ్నాలు నల్లమ్మవి. తనే వాడితో తొట్టి దగ్గరికి వెళ్లేది. ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తిరగబడుతుందని చూసింది కదా, మొదటిరోజు నాలుగు గుక్కలు తగ్గించి కొమ్ము అడ్డం పెట్టింది. మర్నాడు ఇంకో నాలుగు. అక్కణ్ణించి నేరుగా కాలవలోకి, మెడలోతు నీళ్లలోకి తీసుకుపోయేది.

"పుల్లన్న సంగతి చెప్పు నాయనా. నిన్న చెప్పావు కాబోలు, నాకు నిలవలేదు," అనేది.

మైలన్న మొదట్లో రెండు ముక్కలతో సరిపెట్టేవాడు. రోజూ అడుగుతుంటే రోజూ మొదటినుంచి చెప్పాల్సి వచ్చేది. చెప్పినకొద్దీ అడుగున ఉన్నవి పైకి తేలాయి. పుల్లన్న ఉలవలు తినేటప్పుడు కళ్లు మూసుకునేవాడని, ఉరుముకి భయపడేవాడని, భయపడినట్టు కనపడకుండా ఉండటానికి ముందుగా తనే రంకె వేసేవాడని.

నల్లమ్మ పక్కన ఉన్న రోజుల్లో గంట మోగలేదు. అది మైలన్నని లోలోపల కోసింది.

"చూశావా అత్తా," అన్నాడు ఒకరోజు. "తాగుడు తగ్గింది, గంట ఆగింది. నేను వాణ్ణి మరిచిపోతున్నాను."

"అయితే ఇవాళ ఇంకొంచెం వివరంగా చెప్పు."

చెబుతూ చెబుతూ మైలన్న ఉలిక్కిపడి ఆగిపోయాడు. పుల్లన్నకి వెనక కుడికాలు కుంటి. చిన్నప్పుడు నాగటికర్రు తగిలి నరం తెగింది. నడిస్తే గంట వరసగా మూడుసార్లు మోగి, కాస్త ఆగి, ఆ కాలు ఈడ్చుకొచ్చాక నాలుగోది మోగేది. తొమ్మిదేళ్లు ఆ చప్పుడు పక్కనే నడిచాడు. ఇది ఎలా మరిచిపోయాడు?

"కాలి సంగతి ఇన్నాళ్లూ చెప్పలేదే," అంది నల్లమ్మ.

"నీకు నిన్నటిది నిలవదన్నావు కదా?"

నల్లమ్మ ముక్కు పుటాల దాకా నీళ్లలో మునిగింది.

పున్నమి ఇంకా నాలుగు రోజులుందనగా, మైలన్న చుక్క ముట్టక తొమ్మిదో రోజు. నల్లమ్మ గిట్ట వాచి దొడ్లోనే ఉండిపోయింది. మైలన్న ఒంటరిగా కాలవగట్టు మీద నిలబడ్డాడు. ఎండ తెల్లగా కాస్తోంది. నీళ్లలో కప్ప కూడా కదలడం లేదు.

గంట మోగింది.

మైలన్న వెన్నుమీద రోమాలు లేచాయి. తాగిన చెవికే వినపడే గంట ఉత్త చెవికి వినపడుతోంది. కాళ్లు వాటంతటవే తోపులోకి నడిచాయి. రాతితొట్టి నిండుగా ఉంది. పులిసిన వాసన ముక్కుపుటాలు పట్టుకుని లాగింది. వాడు తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాడు, నాలుక ఎండి అంగిలికి అంటుకుపోయింది. గుండెల్లో బండ ఉన్నచోటే ఉంది. అయినా తొట్టి దాటి నడిచాడు.

గంట ముందు పోతోంది. టంగ్, టంగ్, టంగ్, టంగ్. ఒక్క ఎడం లేకుండా, ఒక్క తడబాటు లేకుండా.

మైలన్న చెవులు రిక్కించాడు. మూడు, ఆగడం, నాలుగు కావాలి. ఇక్కడ ఆగడమే లేదు. కుంటినడక కాదిది. చిన్న కాళ్లతో, తేలిగ్గా, ఆకలిగా నడిచే నడక. ఇన్నాళ్లూ వాణ్ణి మరిచిపోకుండా ఉండటానికి తాగాను, తాగడం వల్లే వాడి నడక మరిచిపోయాను అనుకున్నాడు. ముందు గిట్ట కిందనుంచి మట్టిపెళ్ల ఒకటి జారింది. తీగల్లోంచి కిందికి, ఇంకా కిందికి పోయింది. అది ఎక్కడో తగిలిన చప్పుడు రావడానికి ఒక నిట్టూర్పంత సేపు పట్టింది.

వాడు పాడుబావి అంచున ఉన్నాడు.

మైలన్న వెనక్కి పరిగెత్తలేదు. తూలినట్టు తూలి, పక్కకి ఒరిగి, నాలుక బయటపెట్టి పడుకున్నాడు. గంట ఆగింది. చాలాసేపటికి బావి చుట్టూ తిరిగి ఎండుటాకుల మీద అడుగులు దగ్గరకొచ్చాయి. ముందు పూడ్చిన మట్టి వాసన వచ్చింది, ఆ తర్వాత నక్క వాసన. పుల్లన్న గొయ్యి తవ్వి తీసిన గంట తాడుని అది ఉచ్చు వేసి తన మెడకే తగిలించుకుంది. కొస నేలమీద ఈడ్చుకుంటూ వస్తోంది.

"బావిలో పడితే మెత్తగా దొరికేవాడివి. ఇక్కడే పోయావా," అని గొణిగి, చెవి దగ్గర వాసన చూసింది.

మైలన్న గిట్ట తాడు కొస మీద పడింది.

"అబద్ధం చెప్పానా అన్నా," అంది నక్క, కళ్లు తిరిగిపోతుంటే. "గంట విన్నానన్నాను. విన్నాను కదా."

"విన్నావు. వాడు కుంటేవాడని మాత్రం వినలేదు."

నక్క గింజుకుంది. గింజుకున్నకొద్దీ ఉచ్చు బిగుసుకుంది, ఊపిరి ఆడేంత వదులుగా, తల ఊడిరానంత బిగువుగా. చివరికి తాడు కొస తెగి అది పారిపోయింది. గంట మాత్రం మెడకే ఉండిపోయింది. ఆ రోజునుంచి నక్క ఏ దొడ్డి దాపులకొచ్చినా అంత దూరాన్నే కోళ్లు మేలుకునేవి, కుందేళ్లు కలుగుల్లో దూరేవి. తన కన్నంలో దూరబోతే గంట రాతికి తట్టుకునేది. తా దూర కంత లేదు, మెడకో డోలన్నట్టు, డొక్కలు ఎండగట్టుకుని మూడూళ్ల అవతలికి వలసపోయింది.

ఏరువాకనాడు మైలన్న కాడి మోశాడు. వలపట కొత్త ఎద్దు. సాయంత్రానికి ఆసామి సంత మాట ఎత్తలేదు. అంతమాత్రాన బండ పూర్తిగా పోయిందని కాదు. కొన్ని పొద్దులు దిగేది. దిగిన పొద్దే నల్లమ్మకి చెప్పేవాడు. నల్లమ్మకి ఇప్పుడు నిజంగానే కొన్ని నిలవడం లేదు. అవి కూడా మైలన్నే గుర్తుచేసేవాడు.

ఒక మధ్యాహ్నం దున్నుతున్న చాలు మధ్యలో అరక ఆగింది. గాలి లేదు. తాటిమట్ట కదల్లేదు. పుల్లన్నని పూడ్చిన మన్ను వైపునుంచి చప్పుడొచ్చింది. టంగ్, టంగ్, టంగ్. కాస్త ఆగి, ఈడ్చుకొచ్చినట్టు, టంగ్.

కొత్త ఎద్దు చెవులు నిక్కపొడుచుకుని, ఎవరు మామా అంది. నక్క మెడలో గంట మూడూళ్ల అవతల ఉంది.

"తెలిసినవాడే," అన్నాడు మైలన్న. నెమరేస్తూ అటు చూశాడు. చూసి, చాలు విడిచి ఒక్క అడుగు పక్కకి వేయకుండా అరక లాగాడు.

జోడుగా మెడకెక్కిన దిగులునీ తాగుడునీ జోడుగానే కాడి దించాలి. ఒకదాన్ని విప్పి రెండోదాన్ని వదిలేస్తే బండి తిరిగిన చోటే తిరుగుతుంది.