పాతరలోకి దించిన దీపం

శేషూ, ఈ కథలో ముందుది వెనక, వెనకది ముందు చెప్పినా చెబుతానేమో. గురువుగారు మొదట కుమ్మరింటికి వెళ్ళారో, గానుగాయన ఇంటికి వెళ్ళారో నాకిప్పుడు సరిగా గుర్తు లేదు. జరిగింది మాత్రం ఇదే.

పల్నాడులో ఒక చిన్న మఠం. దానికి గురువు శరభయ్యగారు. ఆయన దగ్గర చిన్నప్పటినుంచీ ఉన్న శిష్యుడు ఓంకారం. మరుసటి ఏడు ఇంటికి వెళ్ళి సంసారం మొదలుపెట్టాల్సినవాడు. అతనికొక బెంగ ఉండేది. వాళ్ళ నాన్నకు ఎంత పండినా, ఎండలు ముదిరేసరికి గాదె అడుగు కనిపించేది.

"సంపాదించడం వచ్చు గురువుగారూ. నిలుపుకోవడం ఎలాగో చెప్పండి," అని అడిగాడు.

"ఈ ఏడు మఠం జొన్నలు నువ్వే దాచు," అన్నారాయన.

ఓంకారం పొంగిపోయాడు. మఠం వెనక ధాన్యం దాచే గొయ్యి, రెండు నిలువుల లోతు పాతర ఉంది. దాని గోడల వెంట చొప్ప పేర్పించాడు. వంటకు కొద్దిగా బయట ఉంచి, మిగిలిన జొన్నలన్నీ అందులో పోయించాడు. సగానికి వచ్చాయి. వాటి మీద మందంగా చొప్ప తొక్కించి, మూతికి బండ పెట్టి, చుట్టూ మట్టి మెత్తాడు. ఆ పచ్చి మట్టి మీద తన బొటనవేలు గుర్తులు వేసుకున్నాడు.

"ఒకటే గొయ్యి, ఒకటే మూత. కాపలా నేను. చీమ కూడా దూరదు," అన్నాడు.

గురువుగారు ఊఁ కొట్టారు.

కానీ ఓంకారం మనసులో అప్పటికే ఒక ముల్లు దిగింది. పాతర నింపకముందు మూడు రోజులు జొన్నలు ముంగిట్లో ఆరాయి. ఆ మూడు రోజులూ మిట్టమధ్యాహ్నం, అందరూ కునుకు తీసే వేళకి, గురువుగారు కండువాలో మూట కట్టుకుని బయటికి వెళ్ళారు. ఒకరోజు కుమ్మరి వాళ్ళింటికి. ఒకరోజు గానుగ సాంబయ్య ఇంటికి. మూడోరోజు, ఒంటరిగా బతికే తిరపతమ్మ ఇంటికి.

"ఎటు వెళ్ళొచ్చారు గురువుగారూ?" అని ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"ఎండ ఎలా ఉందో చూసొచ్చాను," అన్నారాయన.

తిరపతమ్మ గడప ముందు నాలుగు జొన్నగింజలు రాలి ఉండటం ఓంకారం తన కళ్ళతో చూశాడు. ఇక అతనికి గురువుగారి నవ్వులో నవ్వు కనబడలేదు. పాదాలకు మొక్కుతూ కూడా కండువా కొంగు వంకే చూసేవాడు. పాతర తెరిచే రోజున, ఆరబోసేముందు కొలిచిన లెక్కకు జొన్నలు ఎంత తగ్గాయో పదిమందికీ చూపించి, ఈ మఠానికి దణ్ణం పెట్టి వెళ్ళిపోవాలని నిర్ణయించుకున్నాడు.

ఆ రోజు ఎండాకాలంలో వచ్చింది. ఆ ఏడు చెరువులు ఎండిపోయాయి. ఎంత తవ్వినా నీళ్ళు పడక జనం తవ్వించడం మానేశారు; బావులు తవ్వే వాళ్ళు పని దొరక్క పిల్లాజెల్లాతో మఠం ముందు కూలబడ్డారు.

"రెండ్రోజులయింది సామీ, పొయ్యి ముట్టించి," అన్నాడు వాళ్ళ పెద్ద.

మఠం వంటింట్లో బయట ఉంచిన జొన్నలు ఆ ఉదయమే అయిపోయాయి. ఓంకారం గునపం తెచ్చాడు. బొటనవేలు గుర్తులు చెక్కుచెదరలేదు. మట్టి పగలగొట్టి, బండ జరిపాడు.

"అందరూ దగ్గరికి వచ్చి చూడండి!" అని అరిచి, లోపలికి కాలు పెట్టబోయాడు.

గురువుగారు అతని పిలక పట్టుకుని ఆపారు. ఒక ప్రమిద వెలిగించి, చిన్న బుట్టలో పెట్టి, తాడుకట్టి పాతరలోకి దించారు.

అర నిలువు లోతు వెళ్ళేసరికి దీపం రెపరెపలాడి ఆరిపోయింది. పైకి లాగి మళ్ళీ వెలిగించి దించారు. మళ్ళీ ఆరింది.

"దిగమాకయ్యా," అన్నాడు బావులవాళ్ళ పెద్ద, రెండు చేతులూ అడ్డం పెట్టి. "దీపం ఆరిందంటే లోన చెడుగాలి ఉన్నట్టే. మా తమ్ముడు ఇట్టాగే దిగాడు. మళ్ళీ ఎక్కలా. రేపు పొద్దుటిదాకా గాలి ఆడనియ్యి."

చొప్ప తీయాలంటే దిగాలి. దిగాలంటే రేపటిదాకా ఆగాలి. వెనక ఒక పసిపిల్ల ఏడ్చే ఓపిక కూడా లేక మూలుగుతోంది. ఓంకారం గొయ్యి అంచున చతికిలబడ్డాడు.

"తిరపతమ్మ ఇంటికి వెళ్ళు," అన్నారు గురువుగారు. "నేను దాచమన్న మూట ఇమ్మని చెప్పు. కుమ్మరింట్లో ఒకటుంది. సాంబయ్య దగ్గర ఒకటి."

తిరపతమ్మ అటక మీంచి మూట దించి ఇచ్చింది. గురువుగారు వేసిన ముడి వేసినట్టే ఉంది.

"ఇవాళ గడప దాకా వచ్చావే నాయనా! ఎప్పుడూ కంచె చాటునుంచి తొంగిచూసి పోతుంటావుగా?" అంది.

ఓంకారం మూట భుజానికెత్తుకుని గబగబా నడిచాడు. కుమ్మరింట్లో మూట విప్పి గింజలు పోసిన కుండ నిండుగా ఉంది. సాంబయ్య ఇంట్లో మాత్రం ఎలుకలు మూటకి చిల్లు పెట్టి సగం తినేశాయి. సాంబయ్య తలబాదుకున్నాడు. ఆ సంగతి చెబితే గురువుగారు, "రెండైనా మిగిలాయిగా," అని తిరగలి దగ్గర కూర్చున్నారు.

పొద్దు వాలకముందే అందరూ సంగటి తిన్నారు. పసిపిల్ల తల్లి ఒళ్ళో నిద్రపోయింది.

ఓంకారం గురువుగారి ఎదుట నిలబడ్డాడు. "నేను మిమ్మల్ని దొంగ అనుకున్నాను."

"తెలుసు. కాపలావాడికి అనుమానం ఉండాల్సిందే," అన్నారాయన, చేతికంటిన పిండి దులుపుకుంటూ. "ఇన్నాళ్ళూ నన్ను అనుమానించావు. నీ గొయ్యిని ఒక్కరోజైనా అనుమానించావా?"

మర్నాడు తెల్లవారాక ఓంకారం పాతర దగ్గరికి వెళ్ళాడు. దిగలేదు. ముందు ప్రమిదలో నూనె పోశాడు.

శేషూ, గానుగాయన పేరు సాంబయ్యో, సాంబశివుడో మీ పెదనాన్నను అడిగి సరిచెయ్యమ్మా. కుమ్మరాయన పేరు నాకు అసలే తట్టలేదు. సరిచేశాక ఈ కథ రెండు ప్రతులు రాసి, ఒకటి నీ దగ్గర ఉంచుకో, ఒకటి నరసరావుపేటలో మీ అక్కకు పంపు.