ఏనుగుకళ్ళం

పూర్వం తూర్పుకనుమల దక్షిణపు కొసన చొక్కప్పనాయనింగారనే పాలెగాడు అడవి అంచు బీళ్ళను పేదలకు పంచిపెడుతూ, మూడేళ్ళలో ఒక్క పంటనైనా కళ్ళంలో నూర్చి చూపినవారికే భూమి శాశ్వతమనీ, చూపలేనివారు వదులుకోవలసిందేననీ శాసించాడు. అలా ఒక నేల చెక్క పొందిన నంజక్క అనే వితంతువు కష్టం ఏమని చెప్పేది! రాళ్ళేరి, ముళ్ళు కొట్టి, తానే మడక పట్టి దున్ని రాగి చల్లిన ధీరురాలామె. అయితే ఆ చెక్క, ఏనుగులు కొండ దిగి ఏటి నీళ్ళకు పోయే తరతరాల దారికి అడ్డంగా ఉంది. నడవడం వాటికి అలవాటు, కంకి కనిపిస్తే మేయడమూ అలవాటే. రెండేళ్ళ పంట వాటి పొట్టలోకే పోయింది.

మూడో ఏట నంజక్క పైరు కోసి, చేని గట్టున కుప్ప వేసింది. ఇదీ పోతే ఆమెకు నిలువ నీడ ఉండదు. కడుపు మండి, ఆ దారిలోనే నిలువెత్తు లోతున గుంత వెడల్పుగా తవ్వి పైన కొమ్మలు పరచింది. పుణ్యవతులైనంత మాత్రాన పొరపాటు చేయరా ఏమిటి?

మరునాడు పొద్దు పొడిచే వేళకు ఒక గున్న ఏనుగు అందులో పడి ఉంది. తల్లి ఏనుగు గుంత అంచున మోకాళ్ళూని, తొండం చాచి చాచి అలసిపోయింది. కబురందిన నాయనింగారు మావటీలతో, మోకులతో వచ్చి, ఆ గున్న వన్నె చూసి ముచ్చటపడ్డాడు.

"దీన్ని మా గజశాలకు ఇచ్చెయ్ నంజక్కా. నూర్పిడి మాట ఎత్తను, చెక్క నీదే," అన్నాడు.

ఔనంటే చాలు, ఆమె బతుకు గట్టెక్కేది. కానీ ఆమె చూపు తల్లి ఏనుగు మీద నుంచి మళ్ళలేదు.

"తల్లి చూస్తుండగా బిడ్డను పట్టిచ్చి, ఆ నేలలో పండిన ముద్ద మింగేదెట్ల సామీ? గుంత తీసింది నేనే, పూడ్చేదీ నేనే," అంది.

మట్టి పూడ్చాలంటే పొద్దు చాలదు. అందుకని ఆ మహాతల్లి కుప్ప దగ్గరికి పోయి, రాగి మోపులను ఒక్కొక్కటే గుంతలోకి విసరసాగింది. గున్న ఒక్కో మోపూ తొక్కి పైకి లేచింది, ఇంకొకటి వేస్తే ఇంకొంచెం లేచింది. కుప్ప అడుగంటే వేళకు అది తల్లి కాళ్ళ మధ్యకు చేరింది. భూమి పోయిందని నంజక్క గట్టున కూలబడి ఏడ్చేసింది.

అప్పుడు జరిగింది చూడండి. తల్లి ఏనుగు ముందు నడవగా, అంతవరకు చెట్ల చాటున కాచుకుని ఉన్న మంద మొత్తం ఆ గుంతలోకి దిగి, కళ్ళంలో ఎద్దులు తిరిగినట్లు చుట్టూ తిరిగి తిరిగి, ఒక్క కంకి కూడా నోట పెట్టకుండా ఏటి వైపు సాగిపోయింది. మావటీలు గడ్డి తొలగించి చూస్తే, అడుగున మోకాటి లోతు ఎర్రని రాగులు రాశిగా ఉన్నాయి. నాయనింగారు తలపాగా తీసి గుంతలోకి దిగాడు, దోసిలి నింపుకున్నాడు.

"నూర్పిడి నా కళ్ళెదుటే అయింది, భూమి నీది తల్లీ," అని, ఆ ఏనుగుల దారిని మాత్రం ఎవరూ సాగు చేయరాదని ఆనతిచ్చాడు.

నాటినుంచి ఈ ఊరు ఏనుగుకళ్ళమైంది. తరువాత ఆ గుంతలోనే వెలసిన అమ్మవారికి, ఏనుగుల నడకకు అడ్డు కారాదని, గోడలు లేవు, తలుపులు లేవు. అయిదు బారల వెడల్పున ఆ దారి నేటికీ చేల నడుమ కనిపిస్తుంది. అక్కడికి వచ్చేసరికి ట్రాక్టరు వారు సైతం మడకలు పైకెత్తి దాటిస్తారు. ఆనతి అయిన నాటినుంచి ఆ నేలలో ఇంతవరకు ఒక్క విత్తనం పడలేదు.