పిడికిట్లో వంతు

కొమ్మన బాధ ఒక్కటే. అందరికంటే ముందు వంతు వచ్చేది తనకే, అందరికంటే ముందు చచ్చేదీ తానే.

నిజం చావు కాదు లెండి, ఆటలో చావు. కానీ వాడి అక్క గంజిలో ఉప్పు పడడం ఆ ఆట మీదే ఆధారపడి ఉంది. అందుకని వాడికది నిజం చావుకి ఏమీ తీసిపోదు.

కొండ కింద సోమిదేవయ్యగారనే అయ్యవారి మఠం ఉండేది. పై ఊళ్లకు ఉప్పు చేరవేసే పని ఆ మఠానిది. ఎద్దుల మీద గోనెలు వేసుకుని ఇరుకు కనుమ దాటాలి. ఆ కనుమలో దొంగల భయం. ఇన్నేళ్లూ వెళ్లి వచ్చిన పెద్ద శిష్యులకు మోకాళ్లు అరిగిపోయాయి. ఈ ఏడు కొత్తగా ముగ్గురు వెళ్లాలి: కొమ్మన, ఎల్లన, మాచన. వానలు పడుతున్నన్నాళ్లూ అయ్యవారు ఆ ముగ్గుర్నీ వసారాలో కూర్చోబెట్టి ఒక ఆట ఆడిస్తూ వచ్చారు.

నేల మీద ముగ్గుపిండితో కనుమ గీసేవారు. వాగు, బండలు, మలుపులు, ఏదీ వదిలేవారు కాదు. తలా ఒక రంగురాయి ఇచ్చేవారు. ఆ రాయే ఆటలో మనిషి. కొమ్మన ఈటె పట్టిన పరుగులవాడు. ఎల్లన విలుకాడు. మాచన పెద్ద డాలు మోసే బరువైనవాడు. అయ్యవారు కథ చెబుతూ చెబుతూ ఏ మలుపులోనో దొంగల్ని దింపేవారు. అప్పుడు గవ్వలు వెయ్యాలి. ఎవడి గవ్వలు ఎక్కువ వెల్లకిలా పడితే వాడిది మొదటి వంతు. కాలు తేలికైనవాడని కొమ్మనకు వేసుకోవడానికి రెండు గవ్వలు ఎక్కువ ఇచ్చేవారు, బరువు మోస్తున్నాడని మాచనకు రెండు తగ్గించేవారు. ఎవడి వంతులో వాడు ఒక్క పని చెప్పాలి. కష్టమైన పనైతే అది జరిగిందో లేదో మళ్లీ గవ్వలే తేల్చాలి. ముగ్గురి వంతులూ అయ్యాక దొంగల వంతు. ఆ పైన మళ్లీ మొదటివాడి దగ్గరికి.

ఇంకో నియమం కూడా మొదటి రోజే చెప్పారు. వంతు వచ్చినవాడు కావాలంటే దాన్ని ఆపుకోవచ్చు. రాయిని పిడికిట్లో పెట్టుకుని, ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తానని అందరికీ వినబడేలా చెప్పాలి. అది జరిగిందా, ఆ క్షణానే మధ్యలో దూరి తన పని చేసుకోవచ్చు. జరగలేదా, ఆ వంతు పోయినట్టే. చేతిలో పడ్డ వంతును ఎవడు పారేసుకుంటాడు? ముగ్గురూ ఆ నియమాన్ని విన్నచోటే మరిచిపోయారు.

"మీరు ముగ్గురూ దాటగలరని నాకు నమ్మకం కుదిరిన రోజున ఎద్దుల్ని కడదాం," అన్నారు అయ్యవారు.

వానలు వెనకబట్టాయి. నమ్మకం కుదరలేదు. కొమ్మన అక్క ఉండే పై ఊరి నుంచి తేనె అమ్ముకోవడానికి దిగినవాడు ఒకడు వాణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. "మీ అక్క పురుడు పోసుకుంది నాయనా. పిల్ల బాగానే ఉంది. బాలింతే, ఉప్పు లేని గంజి దిగక సగం పారబోస్తోంది," అని చెప్పి వెళ్లాడు.

ఆ రోజు ఆటలో కొమ్మన రాయి మరీ తొందరపడింది. మొదటి వంతులోనే వాగు దూకి దొంగల మధ్యకు పోయింది. ఎల్లన ఒక బాణం వేశాడు. మాచన డాలు మోసుకుంటూ వాగు గట్టు దాకా వచ్చాడో లేదో, దొంగల వంతు వచ్చింది. కొమ్మన రాయి బోర్లా పడింది.

"ఏరా, ఆ డాలు నాకు పాడె కట్టడానికి తెస్తున్నావా?" అన్నాడు కొమ్మన.

"నా వంతు వచ్చేసరికే నువ్వు అవతల ఉన్నావన్నా," అన్నాడు మాచన, తల ఎత్తకుండా.

"వాడి వంతు వచ్చేలోగా నేనో కునుకు తీసి లేస్తున్నాను," అన్నాడు ఎల్లన.

మాచన ఎద్దులకు మేత వెయ్యడానికి లేచి వెళ్లాడు. కొమ్మన అయ్యవారి వెనకాలే నడిచాడు.

"అయ్యవారూ, ఒక మాట. మాచనను తప్పించండి. వాడు మంచివాడే, కాదనను. కానీ నేను చెయ్యాల్సింది చేసేసి చూస్తే వెనక ఎవడూ ఉండడు. నేనూ ఎల్లనా ఇద్దరమైతే రేపే దాటేస్తాం."

"ఇద్దరైతే తేలికే," అన్నారు అయ్యవారు.

"అంతే కదండీ."

"పద, భోజనాలకు వేళైంది."

మఠంలో అందరూ ఒకే బంతిలో కూర్చుని తింటారు. రోజూ వంటాయన వడ్డిస్తాడు. ఆ వేళ అన్నం గంప అయ్యవారే అందుకున్నారు. బంతి మొదట్లో కూర్చున్న కొమ్మనకు ముందుగా వడ్డించారు. ఎల్లనకు వడ్డించారు. వరసగా అందరికీ వడ్డించుకుంటూ చివర ఉన్న ఖాళీ విస్తరి దాకా వెళ్లి ఆగారు. అది మాచనది. మాచన ఇంకా ఎద్దుల దగ్గరే ఉన్నాడు.

అయ్యవారు గంప దించి ఆ విస్తరి పక్కనే కూలబడ్డారు. ఎవరూ ముద్ద ముట్టలేదు. కొమ్మన విస్తరిలో అన్నం పొగలు తగ్గుతోంది.

"కొమ్మనా," అని అక్కడి నుంచే పిలిచారు అయ్యవారు. "నీకే కదా ముందు వడ్డించాను. కూర్చున్నావేం?"

"మాచన రాలేదు కదండీ."

"రాకపోతే?"

ఆ ప్రశ్న కొమ్మనకు అర్థం కాలేదు. "రాకపోవడమేంటండీ? వస్తాడు."

కాసేపటికి మాచన తడిచేతులు పంచెకు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. వాడి విస్తరిలో అన్నం పడింది. బంతంతా ఒక్కసారి కదిలింది. కొమ్మన ముద్ద కలిపి నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు.

"ఏమైందిరా, రాయి తగిలిందా?" అన్నాడు ఎల్లన.

కొమ్మన బంతి చివరికి ఓసారి చూసి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

మర్నాడు మళ్లీ ముగ్గు గీశారు. అదే కనుమ, అదే వాగు. అవతలి బండ చాటున దొంగలు. గవ్వలు వేశారు. మొదటి వంతు కొమ్మనది.

కొమ్మన తన రాయిని వాగు దాటించలేదు. తీసి పిడికిట్లో పెట్టుకున్నాడు.

"ఆపుకుంటున్నానండీ."

"దేనికోసం?"

"మాచన డాలుతో వాగు దాటి నా ముందుకొస్తే, ఆ డాలు చాటున బండ మీదికి దూకుతాను."

ఎల్లన వాడి నుదురు తాకి చూశాడు. "జ్వరమేమీ లేదండీ," అని అయ్యవారికి చెప్పి, తన బాణమేదో తాను వేసుకున్నాడు.

మాచన వంతు వచ్చింది. తడి బండల మీద అంత బరువుతో వాగు దాటడమంటే గవ్వలు వెయ్యాల్సిందే. వాడు గవ్వలు చేతిలోకి తీసుకున్నాడు. ఇన్నాళ్లూ వాడు గవ్వలు వేస్తుంటే ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు కొమ్మన పిడికిలి వాడికి ఎదురుగా ఉంది. సరిగా ఆడించకుండానే విసిరేశాడు. గవ్వలు దొర్లి దొర్లి దాదాపు అన్నీ బోర్లా పడ్డాయి.

"జారి నీళ్లలో పడ్డావు," అన్నారు అయ్యవారు. "కొమ్మనా, నీ వంతు పోయింది."

దొంగల వంతులో ఎల్లన రాయికి దెబ్బ తగిలింది.

"తొడలో బాణం దిగింది నాకు," అన్నాడు ఎల్లన. "మీ మర్యాదలు అయ్యాక ఎవరైనా లాగండి."

"నా మూలాన నీ వంతు పోయిందన్నా," అన్నాడు మాచన.

కొమ్మన గొంతు దాకా మాట వచ్చింది. నిన్న అన్నదానికంటే పెద్ద మాటే. దాన్ని మింగేశాడు.

తిరిగి తిరిగి మళ్లీ వాడి వంతే వచ్చింది. దొంగ ఒకడు ఈటెకు అందే దూరంలోకి వచ్చి ఉన్నాడు. దూకితే అందుతాడు. అక్క గుర్తొచ్చింది, పారబోసిన గంజి గుర్తొచ్చింది. ముగ్గు మీద ఉన్న రాయిని చాలాసేపు చూశాడు.

తీసి పిడికిట్లో పెట్టుకున్నాడు.

"మళ్లీ ఆపుకుంటున్నానండీ."

"దేనికోసం?"

"దానికోసమే."

మాచన తలెత్తి చూశాడు. కొమ్మన వాడి వంక చూడడం లేదు, రాయి పట్టుకుని వాగు వంక చూస్తున్నాడు. ఎల్లన తన వంతులో కుంటుకుంటూనే ఇంకో బాణం వేశాడు, ఈసారి వేళాకోళమేమీ ఆడకుండా. మాచన సర్దుకుని కూర్చుని గవ్వలు అందుకున్నాడు. ఈసారి నింపాదిగా ఆడించాడు.

వాడు వెయ్యబోతుండగా అయ్యవారు ముందుకు వంగి, వాగునూ బండల్నీ దొంగల్నీ అరచేత్తో తుడిచేశారు.

ముగ్గురూ బిత్తరపోయారు.

"ఆట ఇంకా అవలేదు కదండీ," అన్నాడు కొమ్మన.

అయ్యవారు చేతికంటిన ముగ్గుపిండి దులుపుకుంటూ లేచారు.

"పై ఊళ్లలో ఉప్పు అయిపోయింది నాయనా. వెళ్లి ఎద్దుల్ని కట్టండి."