గండప్ప కత్తికి సాన

కమ్మరి పోలమ్మ మీద బందిపోటు గండప్పకు మనసైంది. ఆమెకేమో అతని పొడ గిట్టదు. కానీ బారెడు కత్తి కట్టుకొచ్చే మనిషితో కాదని ఎలా అంటుంది?

కత్తికి సాన పట్టించే వంకతో అతను రోజూ వచ్చేవాడు. ఆమె పట్టి, ఒరలో దోపి ఇచ్చేది. అతని చూపు మాత్రం ఆమె మీదే. పిడి కనబడితేనే జనం పారిపోయేవారు గనుక, అతనికి కత్తి దూసే పనే పడలేదు.

ఏడాది తిరిగింది. "పెళ్లికి ఒప్పుకుంటావా, తల తీయమంటావా?" అంటూ గండప్ప సర్రున కత్తి దూశాడు. పిడికి బెత్తెడు ముక్క మిగిలింది.

"రోజూ సాన పడితే అరగదా?" అంది పోలమ్మ. "బారెడున్నప్పుడు నా నోరు పెగల్లేదు. ఇప్పుడు చెబుతున్నా. నాకిష్టం లేదు, అన్నా."

గండప్ప ముక్కను చూశాడు, ఆమెను చూశాడు. కోపం రాబోయి నవ్వొచ్చింది.

"ఇది నువ్వే ఉంచుకో చెల్లీ. వంకాయలు తరుక్కో."