గాలి తాగిన గింజలు

అనగనగా ఒక ఊళ్ళో వాన పడితే బడికి సెలవిచ్చేవాళ్ళు. పిల్లలు వాననెరగరు, కళ్ళారా చూసుకోనీ అని. అంత కరువు సీమ అది, బంగారూ.

ఆ ఊళ్ళో సుంకమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకు మొగుడు వన్నూరప్ప, ఒక చేను, ఒక పుల్లావు. ఆవుకు మేత లేదు. "ఎండలు ముదిరితే సంతకు తోలుకపోయి అమ్మేస్తా," అన్నాడు వన్నూరప్ప. దూడప్పటి నుంచీ పెంచిన ఆవాయె, సుంకమ్మకు ముద్ద దిగలేదు.

అప్పుడు ఒకనాడు పొద్దున్నే పెరట్లో శనక్కాయ పొట్టు కుప్ప కదిలిస్తే కింద మట్టి చల్లగా తగిలింది. అందులో ఒక అలసంద గింజ మొలకెత్తి ఉంది. నీళ్ళెవరు పోశారు? ఎవరూ పోయలేదు. గాలిలో ఉండే చెమ్మే రాత్రంతా పొట్టు కిందకు దిగింది. ఎంత వింత చూడు! సుంకమ్మ ఆ మొలకకు చేతులెత్తి మొక్కింది.

వెంటనే పోయి చేలో గింజలు చల్లింది. వానకు ముందు విత్తడమేంటని ఊరు నవ్వింది. ఆ గింజల్ని చీమలు మోసుకుపోయాయి. ఆ తర్వాత ఇంకొన్ని గింజలు మట్టిలో పూడ్చింది. అవి ఎండకు మాడిపోయాయి. మూడోసారి జొన్నలు, అలసందలు, ఉలవలు కలిపి, వాటికి పుట్టమన్నూ బూడిదా ఆవు పంచితమూ పట్టించి, ఉండలు చేసి ఆరబెట్టి చల్లింది. పైన శనక్కాయ పొట్టు దుప్పటిలా కప్పింది.

కొన్నాళ్ళకు చూస్తే ఏముంది! చుట్టూ నేలంతా ఎర్రగా బీటలు వారి ఉంటే, సుంకమ్మ చేను ఒక్కటే పచ్చగా ఉంది. మబ్బు లేదు, చినుకు లేదు. నవ్వినవాళ్ళు నోళ్ళు తెరుచుకుని గట్టు మీద నిలబడ్డారు. వన్నూరప్ప చెప్పులు విప్పి గానీ చేలో అడుగు పెట్టలేదు.

"ఎట్ల జేసినావమ్మే?" అని అందరూ అడిగారు. నవ్విన నోళ్ళకు నేనెందుకు చెప్పాలని సుంకమ్మ మూతి ముడుచుకుంది.

మరి ఊరంతటికీ పచ్చన అదొక్కటే కదా, మేకలు ఊరుకుంటాయా? కంప వేస్తే దూకాయి. కుక్కను పెడితే దానితో చెలిమి చేశాయి. ఆ తర్వాత సుంకమ్మే కర్ర పట్టుకుని కూర్చుంది. ఎదురుగా ఒక మేకపిల్ల వచ్చి నిలబడింది. దాని పక్కటెముకలు చూసేసరికి ఆవిడ చెయ్యి లేవలేదు. సగం చేను పోయింది. ఇక ఆవుకేం మిగులుతుంది?

"నా మేకల్ని తిట్టాకు తల్లీ," అన్నాడు మేకల కదిరెన్న. "పచ్చన నీ కాడ తప్ప ఇంగ యాడుందని పోతాయి?"

ఆ మాట సుంకమ్మకు సూటిగా తగిలింది. ఇంటికొచ్చి మొగుడితో, "మన చేను నిలవాలంటే పక్క చేను గూడా పచ్చగుండాల. ఆవును అమ్మాకు, ఇంకొన్నాళ్ళు ఆగు," అంది.

అప్పుడు వీధిలో మట్టి తొట్టి పెట్టుకుని కూర్చుంది. చవితికి ఉండ్రాళ్ళు చేసినట్టు ఊరి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ గింజల ఉండలు చేయడం నేర్పింది. వానలు మొదలయ్యే మృగశిర కార్తె రాకముందే ఊరు ఊరంతా పచ్చబడింది. ఏ ఇంటి మేక ఆ ఇంటి గట్టునే మేసి పడుకుంది. పుల్లావు సంత మొహం చూడలేదు.

ఒకనాడు ఆవుకు మేత వేస్తూ సుంకమ్మ తలెత్తితే, గట్టు మీద కొత్త మేకలు. పక్కూరివి. వన్నూరప్ప కర్ర అందుకున్నాడు.

"ఆ కర్ర ఆడ పెట్టు," అంది సుంకమ్మ. మట్టి తొట్టి నెత్తిన పెట్టుకుని పక్కూరి దారి పట్టింది.

కథ కంచికి, చెమ్మ చేనికి, నిద్దర నీ కంటికి.