చుక్కన్న మరిచిపోయిన మాట

అడవంచున జరిగే జంతువుల తిరునాళ్లలో బండలాగుడు పోటీకి ఉన్న పేరు మరిదేనికీ లేదు. అందులో ఎనిమిదేళ్లుగా గెలుస్తున్న ఎద్దుల జత నక్క నాగభూషణానిది. కాడికి కుడిపక్క చుక్కన్న, ఎడమపక్క మైలయ్య.

ఈ ఏడు చుక్కన్న మోకాలు పోయింది.

"అయ్యా, ఇక లాగలేను. మీరిస్తానన్న కొట్టం చూపించండి."

"ఏ కొట్టం?" అన్నాడు నాగభూషణం. "నేనెప్పుడన్నాను? వయసు మీద పడింది చుక్కన్నా, మతిమరుపొచ్చింది."

నిజంగా మరిచిపోయానా? చుక్కన్న రోజంతా నెమరేసుకున్నాడు. మొదటి గెలుపు, ఆ రోజు వాన, మెడలో తడిసిన బంతిపూల దండ, నక్క చెప్పిన మాట, అన్నీ ఉన్నాయి. సాక్షి ఒక్కడే లేడు.

"నేను రేపు పోటీలో కాడి కింద మెడ పెట్టను మామా!" అన్నాడు మైలయ్య.

"పెట్టు. నా బదులు సంతలో తెచ్చిన కొత్తెద్దుకు అయ్య కండ చూశాడే గానీ, ఏ పక్క లాగుతాడో అడగలేదు," అన్నాడు చుక్కన్న.

కొత్తెద్దు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎడమపక్కే లాగినవాడు. మర్నాడు కుడిపక్క కడితే, తన కుడివైపు తోడు కోసం వెతుక్కుంటూ పక్కకే గుంజాడు. బండ కదల్లేదు.

"నాగభూషణం గారూ, ఎద్దుల్ని బండకు కట్టేసి మేపుతున్నారా?" అని కోతులు కేకలేశాయి.

మైలయ్య చతికిలపడ్డాడు. "చుక్కన్న మామ రానిదే లేవను!"

నక్క పరుగెత్తుకొచ్చాడు. "చుక్కన్నా, గడువు అయిపోతోంది! ఉపాయం చెప్పు!"

"నాకు మతిమరుపు కదయ్యా. మొదటిసారి గెలిచినప్పుడు మీరేదో అన్నారు. న్యాయం చెప్పే దున్నపోతు పెద్దాయనకు వినపడేలా అనండి, ఉపాయం కూడా గుర్తొస్తుందేమో."

"బండ లాగి అలిసిన ప్రతి ఎద్దుకూ బతికినన్నాళ్లు కొట్టం, పచ్చిగడ్డి, మోకాళ్లకు కాపడం అన్నాను! చాలా?"

మైదానంలో అందరి తలలూ నక్క వైపు తిరిగాయి.

"అందరం విన్నాం," అన్నాడు దున్నపోతు. "అయితే మతిమరుపు చుక్కన్నకు కాదన్నమాట. ఈ మాట తప్పితే వచ్చే ఏడు నీ జతకు బరిలో చోటు లేదు."

చుక్కన్న కాడి ఎత్తుకోలేదు. కుంటుకుంటూ వెళ్లి కొత్తెద్దుకు కుడిపక్కన నిలబడ్డాడంతే. తోడు దొరికిన కొత్తెద్దు తిన్నగా అడుగేశాడు. మైలయ్య రంకె వేసి లేచాడు. బండ దుమ్ము రేపుకుంటూ గీత దాటింది. డప్పులు మోగాయి.

ఆ సాయంత్రం చుక్కన్నకిచ్చిన కొట్టంలో నాగభూషణమే కాపడం మూట పట్టుకున్నాడు.

"ఇంకాస్త పైకయ్యా," అన్నాడు చుక్కన్న.

ఇచ్చిన మాట లేదని బుకాయించేవాడితో వాదన దండగ, దాన్ని వాడి నోటితోనే నలుగురిలో చెప్పించాలి.